‘భద్రం’ అని పేరు పెట్టిన వాల్యూము

వాయిస్ గది, ఆసుపత్రి రెండో అంతస్తు
జూన్ 3

గడుగ్గాయ్‌కి,

నువ్వు పడవెక్కి పన్నెండు రోజులైంది. దీవిలో ఫోను లేదంటే మీ అన్నయ్య ఇంకా నమ్మడం లేదు. “వాతావరణ కేంద్రమన్నాక వైర్‌లెస్ ఉండదా?” అని రోజూ అడుగుతున్నాడు. ఉందట, గాలివాన కబుర్లకీ ప్రాణాపాయానికీ తప్ప వాడనివ్వరట అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెడుతోంది. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. అర్ధమొగుడు దూరమయ్యేసరికి అసలు మొగుడు రెండింతలు సతాయిస్తున్నాడు.

నువ్వు అమర్చి వెళ్లిన నాలుగు డిస్కుల పెట్టె బాగా పనిచేస్తోంది. నువ్వు రాసిచ్చిన కాగితం గోడకి అంటించాను. అందులో ఉన్నట్టే ‘పని’ అని నువ్వు విడగొట్టిన భాగంలో, అదే వాల్యూములో, గొంతులు రికార్డు చేసి, దగ్గులూ తలుపు చప్పుళ్లూ తీసేసి, సాయంత్రం ‘భద్రం’లోకి మార్చి, ‘పని’లోంచి తుడిచేస్తున్నాను. కాగితం చివర “ఒక డిస్కు లాగి చూశాను, భద్రం చెక్కుచెదరలేదు” అని నువ్వు టిక్కు పెట్టి సంతకం చేసినచోట మా సూపరింటెండెంటు కూడా సంతకం చేసి ముద్ర కొట్టాడు. ఇక్కడ ముద్ర పడనిదే గోడకి మేకు కూడా దిగదు.

నిన్నటినుంచి ఓ బస్సు కండక్టర్‌గారు వస్తున్నారు. ఈ నెల ఇరవై ఏడున ఆయన స్వరపేటిక తీసేస్తారు. ఆలోగా పన్నెండు వందల వాక్యాలు చదివించాలి. గొంతు కట్టే ఇంజినీరు ఆగస్టులో వచ్చి, ఆ వాక్యాల్లోంచి ఆయన గొంతును యంత్రంలో తయారుచేస్తాడు. ఆ తర్వాత ఆయన ఏం టైపు చేసినా ఆయన గొంతే పలుకుతుంది. ఇరవై ఆరేళ్లు బస్సులో అరిచిన గొంతు కదా, మొదటి వాక్యానికే మైకు మీటరు ఎర్రగీత దాటింది. “కొంచెం మెల్లగా అనండి” అన్నాను. “మెల్లగా అంటే వెనక సీటువాడు టిక్కెట్టు తీసుకోడమ్మా” అన్నారు. ఆయన భార్య బయట బల్లమీద కూర్చుని, “ఇన్నాళ్లూ ఇంట్లో ఒక్క మాట మెల్లగా అన్లేదు, ఇప్పుడంటారా!” అంది.

ఒక చిన్న సందేహం. ‘భద్రం’లో ప్రతిదీ రెండు డిస్కుల మీద రాస్తుంది గనక దాని చోటు సగమే కనిపిస్తుందని, నాలుగు టెరాబైట్లు చూపిస్తుందని చెప్పావు. ‘పని’ ఎనిమిది చూపిస్తుందన్నావు. ఇక్కడ తిరగబడి ఉంది. ‘భద్రం’ ఎనిమిది, ‘పని’ నాలుగు. దాచుకునేందుకు ఎక్కువ చోటు దొరికిందని నాకు సంతోషమే అనుకో. అయినా అడగమన్నావు కాబట్టి అడుగుతున్నాను.

ఒంటిమీద ధ్యాస పెట్టు. వేళకి తిను.

నీ వదిన


వాతావరణ కేంద్రం, దీవి
జూన్ 11

వదినా,

నీ ఉత్తరం మొన్నటి పడవలో వచ్చింది. వంటవాడితో సహా మేం తొమ్మిదిమందిమి, తొమ్మిదిమందిలోనూ ఉత్తరం వచ్చింది నాకొక్కదానికే. కేంద్రం అధికారి కవరు అటూ ఇటూ తిప్పి, “వదిన రాసిందా? ఎంత అదృష్టవంతురాలివమ్మా, మా వదిన నాతో మాట్లాడి ఆరేళ్లయింది” అన్నాడు.

ఇక్కడ పని బాగానే సాగుతోంది. గాలి వేగం కొలిచే గిన్నెలు ఇరవై నాలుగు గంటలూ తిరుగుతూనే ఉంటాయి, సెకనుకో అంకె పంపిస్తాయి. ఆ అంకెలు దాచే రెండు పెట్టెలను మార్చాలి. గదిలో ఉప్పుగాలి. స్క్రూలు నెల తిరక్కుండానే తుప్పు పడుతున్నాయి.

కండక్టర్‌గారి కబుర్లు భలే ఉన్నాయి. ఇంకా రాయి.

అంకెల గురించి బుర్ర పాడుచేసుకోకు. ఆ పెట్టె లెక్కలు చూపించే తీరే అంత. ఒకే నాలుగు డిస్కుల్ని రెండు వాల్యూములుగా కోశాం కదా, ఏది ముందు కోస్తే దానికి ఒక లెక్క, తర్వాత కోసినదానికి ఇంకో లెక్క. నువ్వు చేస్తున్నట్టే చెయ్యి. ఆగస్టు చివర్లో వచ్చాక ఒక రోజంతా ఆ పెట్టె దగ్గరే కూర్చుంటాను. అందాకా దాన్ని ఎవరూ కదపకుండా చూడు. చోటు మార్చొద్దు, ఊరికే ఆపొద్దు.

అన్నయ్యకి చెప్పు, వైర్‌లెస్‌లో నేను మాట్లాడితే మొదటి ప్రశ్న “నా గొడుగు ఎక్కడ పెట్టావు” అనే అడుగుతాడని నాకు తెలుసు. బీరువా వెనకాల ఉంది.

రేపు పొద్దున పడవ. ఇది నీకు పదహారుకల్లా అందుతుంది.

నీ గడుగ్గాయ్


వాయిస్ గది
జూలై 11

గడుగ్గాయ్‌కి,

గొడుగు దొరికింది. మంచి వార్త అదొక్కటే.

ఎనిమిదో తేదీ పొద్దున వచ్చేసరికి పెట్టె మీద మూడో డిస్కు దగ్గర ఎర్ర లైటు వెలుగుతోంది. నీ కాగితం ప్రకారం ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను. అదే, మా ఫ్యూజు బాబాయ్. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, కాగితం రెండుసార్లు చదివి, “మూడోది. ఎర్రగా ఉన్నది. ఇదొక్కటే. అంతేనా అమ్మాయ్?” అని నన్నడిగి, దాన్ని తీసి, నువ్వు ఇచ్చిన కొత్తది పెట్టాడు. ఆ సమయంలో నాకు ఫోనొస్తే వరండాలోకి వెళ్లాను. రెండు నిమిషాలు. తిరిగొచ్చేసరికి తెరమీద ‘భద్రం’ లేదు. ‘పని’ ఉంది. ‘భద్రం’ పేరే లేదు.

పట్నంనుంచి డిస్కులు బాగుచేసేవాళ్లు వచ్చారు. పాడైన డిస్కు లోపల పలక గీసుకుపోయిందట. మిగతా మూడింటిలో ఉన్నవి ముక్కలేనట, దేనికీ తలాతోకా లేదట.

‘భద్రం’లో ఆరుగురి గొంతులున్నాయి. నలుగురికి ఆపరేషన్ ఇంకా కాలేదు, మళ్లీ చదివించవచ్చు. ఒకావిడకి ఇంజినీరు కిందటిసారి వచ్చినప్పుడే గొంతు కట్టేశాడు. మిగిలింది కండక్టర్‌గారు. ఆయనకి ఇరవై ఏడునే అయిపోయింది.

ఆయనవి మిగిలినవి నలభై ఒక్క వాక్యాలు. ఆఖరి రోజు రికార్డు చేసినవి, అవి మాత్రమే ‘పని’లోంచి తుడవడం మర్చిపోయాను. పన్నెండు వందలూ పూర్తయ్యాక, “ఇక మీ ఇష్టమొచ్చినవి చెప్పండి” అంటే, నవ్వుతూ బస్సులో మాటలు చెప్పారు. ముందుకు జరగండి. దిగేవాళ్లను దిగనివ్వండి. చిల్లర ఉంటే ఇవ్వండి. నలభై ఒక్కటితో గొంతు కట్టడం కుదరదని ఇంజినీరు ఫోనులోనే తేల్చేశాడు.

సూపరింటెండెంటు మీటింగు పెట్టాడు. నీ కాగితం బల్లమీద పరిచాడు. “ఒక డిస్కు పోయినా భద్రం పోదని పరీక్ష చేసి, టిక్కు పెట్టి, సంతకం చేసి ఉంది. పోయిందంటే రెండోది కూడా ఎవరో లాగి ఉండాలి. ఆ గదిలో ఎవరున్నారు?” అన్నాడు. ఫ్యూజు బాబాయ్ ఒక్కటే మాట అన్నాడు: “ఎర్రగా ఉన్నదే తీశానండీ.”

నేను వరండాలో ఉన్నాను. నేను చూళ్లేదు. ఆ మాటే చెప్పాను.

ఆయన పొరపాటున పక్కది కదిపాడేమోనని నాకూ అనిపిస్తోంది. అరవై దాటాయి, చెయ్యి కాస్త వణుకుతుంది. నువ్వేమంటావు?

నీ వదిన


వాతావరణ కేంద్రం, దీవి
జూలై 21

వదినా,

ఉత్తరం చదివాను. చాలాసార్లు చదివాను.

ఫ్యూజు బాబాయ్‌ను తొందరపడి ఏమీ అనకండి. డిస్కులు ఒక్కోసారి ఒకే వారంలో రెండు పోతాయి. నాలుగూ ఒకే రోజు కొన్నవి, ఒకే రోజు పుట్టినవి, ఒకే వేడిలో తిరిగినవి. యంత్రం తప్పు కూడా అయి ఉండొచ్చు. తప్పు ఎవరిదని తేల్చకుండా ఉంటే మంచిది. నేను వచ్చి చూసేదాకా ఆ కాగితం ఆధారంగా ఎవరిమీదా చర్య తీసుకోవద్దని సూపరింటెండెంటుగారికి చెప్పు. కాగితంలో ఉన్నవన్నీ సాధారణ సూచనలే.

కండక్టర్‌గారికి ఎలా ఉంది? గాయం మానిందా?

ఇక్కడ నాలుగు రోజులుగా వాన. రాయడానికి ఇంకేమీ లేదు.

నీ ఆడపడుచు


వాయిస్ గది
జూలై 30

నీకు,

నీ ఉత్తరం చిత్రంగా ఉంది. ఎప్పుడూ నాలుగు పేజీలు రాసేదానివి, పదమూడు వాక్యాలు రాశావు. అందులో ఏడు ఫ్యూజు బాబాయ్‌ని కాపాడడానికే. ఆయనంటే నీకు అభిమానమని తెలుసు. కాని “తప్పు ఎవరిదని తేల్చకుండా ఉంటే మంచిది” అన్న మాట నీ నోట నేనెప్పుడూ వినలేదు. అయిదేళ్లప్పుడు పగిలిన గాజుగ్లాసు ఎవరు పగలగొట్టారో తేలేదాకా అన్నం తిననన్నదానివట, మీ అన్నయ్య ఇప్పటికీ చెబుతాడు.

నీ ఉత్తరం అందేసరికే ఆలస్యమైంది. ఇరవై నాలుగున ఫ్యూజు బాబాయ్‌ని ఇక రావద్దన్నారు. ఎవరూ తిట్టలేదు. సూపరింటెండెంటు మర్యాదగా, “మీరు విశ్రాంతి తీసుకోవాల్సిన వయసు” అన్నాడు. ఆయన పనిముట్ల సంచి స్టోరులో అప్పగించి, ఒక్కొక్కటీ పేరు చదివి రశీదు రాయించుకున్నాడు. మెట్లు దిగుతూ నా గది దగ్గర ఆగాడు.

“అమ్మాయ్, నువ్వు కూడా నేను పక్కది లాగాననే అనుకుంటున్నావా?”

నేను జవాబు చెప్పలేదు. ఆయన మెట్లు దిగి వెళ్లిపోయాడు.

కండక్టర్‌గారు నిన్న వచ్చారు. గాయం మానింది. ఉన్న నలభై ఒక్క వాక్యాలనే చిన్న యంత్రంలో పెట్టిచ్చాం, బటను నొక్కితే పలుకుతుంది. ఆయన భార్య చెప్పింది: పొద్దున “టీ తాగుతారా” అని అడిగితే “చిల్లర ఉంటే ఇవ్వండి” అని నొక్కారట. ఇద్దరూ నవ్వుకున్నారట. ఆ తర్వాత మనవరాలు ఫోను చేసి, “తాతయ్యా, నా పేరు పిలువు” అందట. ఆయన యంత్రం మొత్తం వెతికారట. అందులో పేర్లేమీ లేవు. ఆ పిల్ల పేరు మూడొందల పన్నెండో వాక్యంలో ఉండేది. నేనే చేర్చి చదివించాను.

ఇప్పుడు సూటిగా అడుగుతున్నాను. జూన్‌లో నేను అంకెలు తిరగబడ్డాయని రాశాను. అది యంత్రం లెక్క చూపించే తీరన్నావు. నిజమేనా?

వదిన


వాతావరణ కేంద్రం, దీవి
ఆగస్టు 9

వదినా,

నిజం కాదు.

జరిగింది వరసగా రాస్తాను. నాలుగు డిస్కుల్ని రెండు వాల్యూములుగా కొయ్యాలి. ఒకటి జంట వాల్యూము, ఏది రాసినా రెండు డిస్కుల మీద పడుతుంది, ఒకటి పోతే దాని జత ఉంటుంది. రెండోది పరుపు వాల్యూము. ప్రతి ఫైలునూ ముక్కలు చేసి నాలుగు డిస్కుల మీదా పరుస్తుంది. నాలుగూ ఒకేసారి పనిచేస్తాయి గనక వేగం. కాని ఒక్క డిస్కు పోతే ప్రతి ఫైలులోనూ పావు భాగం పోతుంది, అంటే అన్నీ పోయినట్టే. డిస్కులో ముందు కోసిన భాగం కాస్త వేగంగా పనిచేస్తుంది. అది వేగం కావలసినదానికి ఇద్దామని పరుపు వాల్యూమును ముందు కోశాను. నా పుస్తకంలో మాత్రం మొదటి వరసలో ‘భద్రం’, రెండో వరసలో ‘పని’ అని రాసుకున్నాను. పేర్లు పెట్టేటప్పుడు పుస్తకం చూసి పెట్టాను. మొదటిదానికి ‘భద్రం’. అంతే. ఆ పెట్టెలో ఏ చోటు ఒక్క డిస్కుకే కూలిపోతుందో దానికి భద్రం అని పేరు పెట్టాను.

పేరు తారుమారవడం ఎవరికైనా జరుగుతుంది. అందుకే మా పనిలో చివర ఒక పరీక్ష ఉంది. పెట్టె నడుస్తుండగా ఒక డిస్కు బయటికి లాగి, దాచిన ఫైలు తెరుచుకుంటుందో లేదో చూడాలి. మళ్లీ డిస్కు పెట్టి అది కుదుటపడేదాకా ఆరు గంటలు ఆగాలి. ఆ రోజు నాకు సాయంత్రం రైలు ఉంది. పదిహేనేళ్లలో ఆ పరీక్ష ఎన్నడూ తప్పలేదు, ఇప్పుడు మాత్రం ఎందుకు తప్పుతుందనుకున్నాను. టిక్కు పెట్టి సంతకం చేశాను. డిస్కు లాగలేదు.

నీ జూన్ ఉత్తరంలో అంకెలు చదవగానే అర్థమైంది. అనుమానం కూడా కాదు. ‘భద్రం’ ఎనిమిది చూపిస్తోందంటే అది పరుపు వాల్యూమే, ఇంకోలా ఉండదు. ఆ రాత్రి నీకు నిజం రాశాను. పొద్దున చదువుకుని చింపేశాను. సంతకం మీద సూపరింటెండెంటు ముద్ర ఉందని రాశావు కదా, దానికి భయపడ్డాను. డిస్కులు కొత్తవి, మూడు నెలల్లో ఏమవుతుంది, వెళ్లి చప్పుడు లేకుండా సరిచేయొచ్చు అనుకున్నాను. వైర్‌లెస్‌లో ఒక్క ముక్క పంపమంటే అధికారి పంపేవాడే. అడగలేదు.

జూలైలో నీ ఉత్తరం వచ్చినప్పుడు మళ్లీ ఒక అవకాశం. ఫ్యూజు బాబాయ్ పేరు చూసి కూడా యంత్రం మీదికి తోశాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు రాశానని నువ్వు పసిగట్టావు. ఆయన సరైన డిస్కే తీశారు. ఆయన ముట్టుకోకముందే, ఎర్ర లైటు వెలిగిన క్షణానే ‘భద్రం’ పోయింది. తెర చూసుకోలేదు గనక మీకు తెలియలేదు.

ఈ కాగితాన్ని సూపరింటెండెంటుకు ఇవ్వు. కింద పూర్తి పేరుతో, ఉద్యోగం నంబరుతో సంతకం చేశాను. నువ్వు క్షమించాలని రాయడం లేదు.

నీ ఆడపడుచు


వాయిస్ గది
ఆగస్టు 17

నీకు,

నీ కాగితం ఇచ్చాను. సూపరింటెండెంటు రెండుసార్లు చదివి, పాత కాగితం తెప్పించి దానిమీది తన ముద్రవైపు చూశాడు. విచారణ పెడతారు. నువ్వు రావాలి. మీ సంస్థకూ రాశారు.

ఫ్యూజు బాబాయ్ ఇంటికి నేనే వెళ్లాను. మూడు గదుల ఇల్లు, వరండాలో పాత పంకా విప్పుకుని కూర్చున్నాడు. విషయం చెప్పాను. క్షమించమన్నాను.

“నా తప్పు కాదని నాకు ముందునుంచీ తెలుసు కదమ్మా. తెలియాల్సింది మీకు” అన్నాడు.

“రేపటినుంచి రండి బాబాయ్, సూపరింటెండెంటుగారే రమ్మన్నారు” అన్నాను.

“వస్తాను. పని ఉందిగా.”

వస్తున్నాడు. పొద్దున టీ మాత్రం నా గదిలో తాగడం లేదు, కింద జనరేటరు గదిలో తాగుతున్నాడు. అది నీ లెక్కలో రాసుకోకు. మెట్ల దగ్గర ఆయన అడిగినప్పుడు నోరు విప్పనిది నేను. అది నాది.

మీ అన్నయ్య నీ ఉత్తరం చదివాడు. రాత్రి భోజనం దగ్గర, “అది చిన్నప్పుడు అబద్ధం ఆడేది కాదు” అన్నాడు. ఆ తర్వాత, “మనకి తెలిసేది కాదేమో” అన్నాడు.

కండక్టర్‌గారి దగ్గర దాచిపెట్టే హక్కు మాకు లేదు. ఆయన్నీ భార్యనూ కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. భార్య ఏడ్చింది. ఆయన ఏడవలేదు. పలక తీసుకుని, నీ జూన్ ఉత్తరం ఉందా అని రాశారు. ఇచ్చాను. తేదీ చూశారు, కవరు మీద మా ఊరి పోస్టాఫీసు వేసిన పదహారో తేదీ ముద్ర చూశారు. ఆ తర్వాత పలక తుడిచి ఒక ప్రశ్న రాశారు. నన్ను జవాబు చెప్పనివ్వలేదు, చెయ్యి అడ్డం పెట్టి, ఉత్తరం కింద నీ సంతకం మీద వేలు పెట్టి చూపించారు. అది ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

“ఈ ఉత్తరం ఇక్కడికి చేరిన రోజుకి నా ఆపరేషన్‌కి ఇంకా ఎన్ని రోజులుంది? ఆమెనే చెప్పమనండి.”

ఆయనకి లెక్క రాదనుకోకు. ఇరవై ఆరేళ్లు టిక్కెట్లు కొట్టినాయన.

వదిన


వాతావరణ కేంద్రం, దీవి
ఆగస్టు 25

కండక్టర్‌గారికి,

నమస్కారం.

పదకొండు రోజులు.

నా ఉత్తరం జూన్ పదహారున అందింది. మీ ఆపరేషన్ ఇరవై ఏడున. ఆ రోజుకి మీరు సగానికి పైగా వాక్యాలు చదివేసి ఉన్నారని వదిన రిజిస్టరులో ఉంటుంది. నేను ఆ ఉత్తరంలో నిజం రాసి ఉంటే, వాటిని మరో డిస్కు మీదికి ఎక్కించడానికి ఒక్క సాయంత్రం పట్టేది. మీ ఆపరేషన్ ఒక్క గంట కూడా వాయిదా పడేది కాదు.

మీరు అడగకపోయినా చెప్పవలసింది ఇంకొకటి ఉంది. ఆ ఉత్తరం రాసేటప్పుడు మీ ఆపరేషన్ తేదీ నాకు తెలుసు. వదిన రాసింది. ఆ తేదీ చూసి కూడా రాశాను.

ఇది కాగితం మీద రాసి పంపితే సరిపోదు. సెప్టెంబరు రెండున పడవ ఉంది, అందులో వస్తున్నాను. విచారణకంటే ముందు మీ ఇంటికి వస్తాను. మీరు తలుపు తీయకపోతే బయటే నిలబడి చెప్పి వెళ్తాను. మీ మనవరాలు ఇంట్లో ఉంటే ఆ పాప వినేలా కూడా చెబుతాను, తాతయ్య తన పేరు ఎందుకు పిలవలేకపోతున్నాడో.

గట్టిగానే చెబుతాను. నాకు గొంతు ఉంది.